టి కణాలకు కళ్ళెం వేసే మందులు, కళ్ళెం తీసే మందులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలా వాటికి మూలం ఒక్కటే: టి కణాల మీద, అంటే రోగనిరోధక వ్యవస్థలో దాడి చేసే ఒక రకం తెల్లరక్తకణాల మీద పనిచేసే యాంటీబాడీ మందులు. అందుకే ఈ సంచికలో శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలను కుదించి ఇచ్చాను. నా జవాబులు మీ వైద్యుల సలహాకు తోడు మాత్రమే, దానికి బదులు కావు.

ప్రశ్న: మా బావగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్. రోగనిరోధక శక్తిని లేపే యాంటీబాడీ ఇస్తున్నామని డాక్టరు గారు చెప్పారు. మా అక్కకు రుమటాయిడ్ కీళ్ళవాతం. ఆమె అబటాసెప్ట్ తీసుకుంటోంది. అదీ యాంటీబాడీ లాంటిదేనట, కానీ రోగనిరోధక శక్తిని అణచడానికట. ఒకే జాతి మందు ఒకరిలో పెంచడం, మరొకరిలో తగ్గించడం ఎలా సాధ్యం?

జవాబు: యాంటీబాడీకి తనంతట తానుగా రోగనిరోధక శక్తిని పెంచే గుణం గానీ తగ్గించే గుణం గానీ లేదు. ఒక నిర్దిష్టమైన ఆకారాన్ని గుర్తుపట్టి దానికి గట్టిగా అతుక్కోవడమే దాని పని. 1975లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ ఒకే రకం యాంటీబాడీని ప్రయోగశాలలో కావలసినంత తయారుచేసే పద్ధతిని కనిపెట్టారు. అప్పటి నుంచి మనం కోరిన ప్రోటీన్‌కు సరిపోయే యాంటీబాడీని ఎంచుకోవడం సాధ్యమైంది. ఆ మందు ఏ కణం మీది ఏ ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, పట్టుకుని దాని పనిని ఆపుతుందా, ప్రేరేపిస్తుందా, లేక ఆ కణాన్నే చంపిస్తుందా అన్నదాన్ని బట్టి ఫలితం పూర్తిగా మారిపోతుంది.

ఇక టి కణం సంగతి. మరో కణం తన ఉపరితలం మీద చూపించిన ప్రోటీన్ తునకను గుర్తుపట్టినంత మాత్రాన టి కణం దాడికి దిగదు. ఆ గుర్తింపు మొదటి సంకేతం మాత్రమే. తునకను చూపించిన కణం మీద సీడీ80, సీడీ86 అనే ప్రోటీన్లు ఉండి, అవి టి కణం మీది సీడీ28ని తాకినప్పుడు రెండో సంకేతం అందుతుంది. రెండూ కలిసినప్పుడే టి కణం విభజన చెంది, సంఖ్య పెంచుకుని, పనిలోకి దిగుతుంది. మొదటిది అంది రెండోది అందకపోతే మొద్దుబారి ఊరుకుంటుంది.

పనిలోకి దిగిన టి కణాన్ని అదుపు చేసేది సీటీఎల్ఏ-4 అనే మరో ప్రోటీన్. స్పందన మొదలయ్యాక ఇది కణం పైకి వచ్చి, అవే సీడీ80, సీడీ86లను సీడీ28 కంటే ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. దాంతో రెండో సంకేతం తెగిపోయి కణం నెమ్మదిస్తుంది. దీన్ని కళ్ళెం అనుకోండి. ఈ కళ్ళెం ఎంత అవసరమో 1995లో తెలిసింది. సీటీఎల్ఏ-4 జన్యువు లేకుండా పుట్టించిన ఎలుక పిల్లలలో టి కణాలు విపరీతంగా పెరిగి అవయవాలలోకి చొరబడ్డాయి, అవి మూడు నాలుగు వారాలకే చనిపోయాయి. మరుసటి ఏడాది జేమ్స్ ఆలిసన్ బృందం ఇదే ప్రోటీన్‌ను యాంటీబాడీతో కొద్దికాలం మూసి ఉంచితే ఎలుకలలో కణుతులు తగ్గిపోతాయని చూపించింది. ఆ ఆలోచనే 2011లో ఇపిలిముమాబ్ అనే మందుగా మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగులకు చేరింది.

రెండో కళ్ళెం పీడీ-1. దాన్ని 1992లో క్యోటోలో తసుకు హోంజో బృందం గుర్తించింది. ఇది ఎక్కువగా కణజాలాలలో, పోరు దీర్ఘకాలం సాగినప్పుడు పనిచేస్తుంది. చాలా కణుతులు పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌ను తమ పైకి తెచ్చుకుని, దగ్గరకు వచ్చిన టి కణం పీడీ-1ను నొక్కి దాన్ని నిలిపివేస్తాయి. 2014లో అనుమతి పొందిన పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ ఆ కలయికనే అడ్డుకుంటాయి. మీ బావగారికి ఇస్తున్నది చాలావరకు ఈ కోవలోదే అయివుంటుంది. ఆలిసన్, హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది.

మీ అక్కగారి మందును అదే సీటీఎల్ఏ-4 బయటి భాగాన్ని యాంటీబాడీ తోకకు అతికించి తయారుచేశారు. అది రక్తంలో తిరుగుతూ సీడీ80, సీడీ86లను కప్పేస్తుంది, కీళ్ళలోకి చేరే టి కణాలకు రెండో సంకేతం అందనివ్వదు. అంటే ఇపిలిముమాబ్ ఏ ప్రోటీన్‌ను మూసివేస్తుందో, అబటాసెప్ట్ అదే ప్రోటీన్‌ను బయటి నుంచి అందిస్తుంది. అందుకే ‘ఇమ్యూనిటీ పెంచే మందు’, ‘తగ్గించే మందు’ అన్న మాటలతో నేను సరిపెట్టుకోలేను. ఏ ప్రోటీన్, ఏ కణం మీద అని అడిగినప్పుడే, ఆ మందు ఏ మేలు చేయగలదో, ఏ హాని తేగలదో రెండూ ఒకేసారి అర్థమవుతాయి.

ప్రశ్న: మా పెద్దబ్బాయికి టైప్ 1 డయాబెటిస్. చిన్నవాడికి పదకొండేళ్ళు. వాడి రక్తంలో సొంత ఒంటి మీదికే మళ్ళిన యాంటీబాడీలు (ఆటోయాంటీబాడీలు) రెండు రకాలు ఉన్నాయనీ, గ్లూకోజ్ పరీక్షలో కొద్దిగా తేడా కనిపిస్తోందనీ చెప్పారు. వ్యాధిని వాయిదా వేసే యాంటీబాడీ ఒకటి ఉందని చదివాను. అది పాతకాలపు కిడ్నీ మార్పిడి మందేనని ఒకరు భయపెట్టారు. నిజమేమిటి?

జవాబు: మీరు చదివింది టెప్లిజుమాబ్ గురించి. మీ చిన్నబ్బాయి ఉన్న స్థితిని వైద్యులు రెండో దశ అంటారు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల మీద టి కణాల దాడి మొదలైపోయింది, లక్షణాలు మాత్రం ఇంకా బయటపడలేదు. ఇలాంటి బంధువులు 76 మంది మీద జరిగిన అధ్యయనం 2019లో వెలువడింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో వ్యాధి బయటపడడానికి పట్టిన మధ్యస్థ కాలం సుమారు 24 నెలలైతే, టెప్లిజుమాబ్ తీసుకున్నవారిలో అది 48 నెలలు. 2022 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని ఎనిమిదేళ్ళు నిండిన, రెండో దశలో ఉన్నవారికి అనుమతించింది. పద్నాలుగు రోజులు వరుసగా, రోజుకొకసారి నరంలోకి ఎక్కిస్తారు.

ఇది వ్యాధిని నయం చేయదు. అయినా రెండేళ్ళ వాయిదాను చిన్నచూపు చూడకూడదని నా గట్టి అభిప్రాయం. రోజుకు ఎన్నోసార్లు సూది, అర్ధరాత్రి షుగర్ పడిపోతుందేమోనన్న భయం ఎలా ఉంటాయో పెద్దబ్బాయిని పెంచిన మీకు తెలుసు. అవి పదకొండో ఏట మొదలవడానికీ, పదమూడో ఏట మొదలవడానికీ చాలా తేడా ఉంది.

కిడ్నీ మార్పిడి మందు అన్న మాటలో కొంత నిజముంది. మనుషుల చికిత్సకు అనుమతి పొందిన మొట్టమొదటి మోనోక్లోనల్ (ఒకే రకంగా తయారుచేసిన) యాంటీబాడీ, 1986లో వచ్చిన మ్యూరోమొనాబ్, మార్పిడి చేసిన కిడ్నీని శరీరం తిరస్కరిస్తున్నప్పుడు వాడేందుకు తయారైంది. అదీ, టెప్లిజుమాబూ పట్టుకునేది సీడీ3 అనే ఒకే ప్రోటీన్‌ను. టి కణం గుర్తింపు సంకేతాన్ని లోపలికి చేరవేసేది ఇదే. కానీ మ్యూరోమొనాబ్ ఎలుక యాంటీబాడీ. దాని తోక భాగం ఇతర తెల్లకణాల మీది గ్రాహకాలకు తగులుకోవడంతో టి కణాలు అణగడానికి ముందు ఒక్కసారిగా ఉత్తేజితమై, మొదటి మోతాదుకే తీవ్రమైన జ్వరం, వణుకు, కొందరిలో ఊపిరితిత్తులలో నీరు చేరడం జరిగేవి. పైగా శరీరం ఎలుక ప్రోటీన్‌కు విరుగుడుగా తన యాంటీబాడీలను తయారుచేసుకుని మందును పనికిరాకుండా చేసేది. టెప్లిజుమాబ్‌ను మనిషి యాంటీబాడీకి దగ్గరగా మలిచారు, తోకలో రెండు అమైనో ఆమ్లాలను మార్చి ఆ తగులుకోవడాన్ని బాగా తగ్గించారు. అందువల్ల అది టి కణాలను మూకుమ్మడిగా తుడిచిపెట్టకుండా, దాడి చేసే రకాన్ని అలసిన స్థితిలోకి నెడుతుంది. దద్దుర్లు, తలనొప్పి, కొద్దివారాల పాటు లింఫోసైట్లు (టి కణాలు కూడా చేరిన తెల్లకణాలు) తగ్గడం ఇప్పటికీ ఉన్నాయి. వయసుకు తగ్గ టీకాలన్నీ ముందే వేయించాలి. బతికున్న సూక్ష్మజీవులతో చేసిన టీకాలైతే చికిత్సకు కనీసం ఎనిమిది వారాల ముందే పూర్తి కావాలి. వైద్యులను కలవడం ఆలస్యం చేయకండి. లక్షణాలు బయటపడ్డాక ఈ అనుమతి వర్తించదు.

ప్రశ్న: నాన్నగారికి మెలనోమాకు పెంబ్రోలిజుమాబ్ ఇచ్చారు. చివరి మోతాదు తీసుకుని మూడు నెలలైంది. వారం రోజులుగా రోజుకు ఆరేడుసార్లు విరేచనాలు. మందు ఎప్పుడో ఆపేశారు కదా, ఇది తిండి తేడా అని దగ్గరలోని డాక్టరు గారు బిళ్ళలు రాసిచ్చారు. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఈ పత్రిక మీ చేతికి అందేలోపే మీకు విడిగా కబురు పంపాను. ఇదే పరిస్థితిలో మరికొందరు ఉంటారు కనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మామూలు మాత్రలు ఒకటి రెండు రోజులలో ఒంట్లోంచి పోతాయి. యాంటీబాడీ అలా పోదు. పెంబ్రోలిజుమాబ్ రక్తంలో సగానికి తగ్గడానికే మూడు వారాలకు పైగా పడుతుంది, టి కణాలకు అతుక్కున్నది ఇంకా చాలాకాలం నిలుస్తుంది. అంతకంటే ముఖ్యం, కళ్ళెం తీయగా మేల్కొన్న టి కణాలు మందు పోయాక కూడా బతికే ఉంటాయి. వాటిలో కొన్ని కణితిని వదిలి పేగు మీదికి, థైరాయిడ్ మీదికి, కాలేయం మీదికి, ఊపిరితిత్తుల మీదికి మళ్ళవచ్చు. ఇది చికిత్స మధ్యలోనే కాదు, ఆపిన నెలల తరువాత కూడా మొదలవుతుంది.

మామూలు కంటే రోజుకు నాలుగుసార్లు అదనంగా విరేచనం అవుతోందంటే అది పెద్దపేగు వాపు అయివుండవచ్చని అనుమానించాలి. రక్తం, కడుపునొప్పి ఉంటే అనుమానం మరింత బలపడుతుంది. ముందుగా మలపరీక్షతో ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకుంటారు, అవసరమైతే పెద్దపేగు లోపల గొట్టంతో చూసి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. వాపు అని తేలితే చికిత్స స్టెరాయిడ్లు. సాధారణంగా కిలో బరువుకు 1 నుంచి 2 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌తో మొదలుపెట్టి, కనీసం నాలుగు వారాల మీద నెమ్మదిగా తగ్గిస్తారు. మూడు నాలుగు రోజులలో గుణం కనిపించకపోతే వాపును అణచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ గానీ, పేగు వైపు వెళ్ళే టి కణాలను మాత్రమే ఆపే వెడోలిజుమాబ్ గానీ ఇస్తారు. యాంటీబాడీ తెచ్చిన ఇబ్బందిని మరో యాంటీబాడీతో సరిచేయడం ఈ రంగంలో మామూలు విషయమే. విరేచనాలను కట్టేసే బిళ్ళలు మాత్రం లక్షణాన్ని దాచి రోగాన్ని ముదరనిస్తాయి. వాపు తీవ్రమైతే పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉంది.

ఇలాంటి మందులు తీసుకున్నవారి ఇంట్లోవారు మరికొన్నిటిని గమనిస్తూ ఉండాలి. ఎడతెగని నీరసం, చలికి తట్టుకోలేకపోవడం థైరాయిడ్ దెబ్బతిన్నదనడానికి సూచన. దానికి హార్మోన్ మాత్ర చాలు, చాలామందిలో క్యాన్సర్ చికిత్స కొనసాగించవచ్చు. కొత్తగా వచ్చిన తలనొప్పితో పాటు రక్తపోటు, సోడియం పడిపోతే పిట్యూటరీ గ్రంథిని చూడాలి. పొడిదగ్గు, ఆయాసం ఊపిరితిత్తుల వాపు కావచ్చు. విపరీతమైన దాహం, తరచూ మూత్రం ఉంటే వెంటనే షుగర్ పరీక్ష చేయించాలి, ఎందుకంటే కొందరిలో ఉన్నట్టుండి టైప్ 1 డయాబెటిస్ వస్తుంది. అన్నిటికంటే భయపడవలసింది గుండె కండరాల వాపు. ఇది నూటికి ఒకరిలో కూడా రాదు, కానీ వస్తే ప్రాణాల మీదికి తెస్తుంది. ఎక్కువగా మొదటి కొద్ది వారాలలోనే ఛాతీనొప్పి, ఆయాసం, గుండె దడ, కొందరిలో రెప్పలు వాలిపోవడంతో మొదలవుతుంది. అప్పుడు గంటలు కూడా విలువైనవే.

ఏ వైద్యుని దగ్గరకు వెళ్ళినా, ఎందుకు వెళ్ళినా, ‘ఫలానా యాంటీబాడీ ఫలానా నెల వరకు తీసుకున్నారు’ అని మొదటి మాటగా చెప్పండి. ఆ ఒక్క వాక్యం రాసిన కాగితం నాన్నగారి జేబులో ఉంటే మరీ మంచిది.

ప్రశ్న: లండన్‌లో ఒక యాంటీబాడీ పరీక్షలో ఆరోగ్యవంతులు చావు అంచులదాకా వెళ్ళారని విన్నాను. నిజంగా జరిగిందా?

జవాబు: జరిగింది. 2006 మార్చి 13న లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి ఆవరణలోని పరీక్షా కేంద్రంలో ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు టీజీఎన్1412 అనే యాంటీబాడీని ఎక్కించారు, మరో ఇద్దరికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. అది సీడీ28ని పట్టుకుని, మొదటి సంకేతం అవసరమే లేకుండా టి కణాన్ని లేపగల యాంటీబాడీ. స్పందనను అదుపులో పెట్టే నియంత్రక టి కణాలను ఇది పెంచుతుందనీ, కీళ్ళవాతం వంటి జబ్బులకు పనికొస్తుందనీ ఆశించారు. ఎలుకలలో అలాగే జరిగింది. కోతులకు ఇంతకు 500 రెట్ల మోతాదు ఇచ్చినా ఏమీ కాలేదు.

ఒకరికి ఇచ్చిన సుమారు పది నిమిషాలకు మరొకరికి ఇస్తూ పోయారు. మొదటి వ్యక్తిలో తలనొప్పి, ఒళ్ళునొప్పులు, జ్వరం మొదలయ్యేసరికి మిగిలినవారి నరాలలోకి మందు వెళ్ళిపోయింది. గంటన్నరలోపే ఆరుగురిలోనూ సైటోకైన్లు, అంటే రోగనిరోధక కణాలు విడుదల చేసే సంకేత ప్రోటీన్లు, పొంగిపొర్లాయి, రక్తపోటు పడిపోయింది. రాత్రికల్లా ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిని అందరూ ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్నారు. ఆరుగురూ బతికారు. ఒకరు మాత్రం కాలివేళ్ళు, కొన్ని చేతివేళ్ళ కొసలు కోల్పోయారు.

కోతులలో ఎందుకు కనిపించలేదన్న దానికి జవాబు తరువాతి పరిశోధనలో దొరికింది. మనిషి కణజాలాలలో కాచుకుని ఉండే సీడీ4 అనే రకానికి చెందిన, ఇదివరకే పోరాడిన అనుభవమున్న టి కణాల మీద సీడీ28 ఉంటుంది. పరీక్షించిన జాతి కోతులలో ఆ కణాలు దాన్ని కోల్పోతాయి. అంటే ప్రమాదం తెచ్చిన కణాలే ఆ జంతువులో మందుకు అందుబాటులో లేవు. ఆ తరువాత నియమాలు మారాయి. జంతువులు ఎంత తట్టుకున్నాయన్న లెక్క మీద మాత్రమే ఆధారపడకుండా, మనిషి కణాలలో అతి స్వల్ప ప్రభావం చూపే మోతాదును కూడా లెక్కలోకి తీసుకుని మొదలుపెట్టడం, మొదట ఒక్కరికే ఇచ్చి తగినంత సమయం ఆగి చూడడం ఇప్పుడు ఆనవాయితీ. ఈ రంగంలో పనిచేసే ప్రతి యువ వైద్యుడూ ఆ పది నిమిషాల ఎడం గురించి చదవాలని నేను కోరుకుంటాను.

ప్రశ్న: ఇలాంటి చికిత్సలో ఉన్నప్పుడు ఇమ్యూనిటీ పెంచే పొడులు, టానిక్కులు తోడుగా తీసుకుంటే ఫలితం పెరుగుతుందా?

జవాబు: పెరుగుతుందనడానికి ఆధారం లేదు. కొన్ని మూలికలు కాలేయాన్ని దెబ్బతీస్తాయి. అప్పుడు కాలేయపు వాపు మందు వల్ల వచ్చిందో, పొడి వల్ల వచ్చిందో తేల్చలేక, పనిచేస్తున్న మందును ఆపవలసి వస్తుంది.

ప్రశ్న: ఈ మందు ఒకరికి అద్భుతంగా పనిచేసి మరొకరికి అసలు పనిచేయదెందుకు? మోతాదు పెంచితే లాభముంటుందా?

జవాబు: కళ్ళెం తీసినంత మాత్రాన పరుగెత్తాలంటే, ముందు ఆ కణితిని గుర్తుపట్టిన టి కణం ఒకటి అక్కడ ఉండాలి. కణితిలో జన్యు మార్పులు ఎక్కువగా ఉంటే కొత్త ప్రోటీన్ తునకలు ఎక్కువగా పుడతాయి, వాటిని పరాయివిగా గుర్తించే టి కణాలూ దొరుకుతాయి. డీఎన్ఏ నకలులో దొర్లిన తప్పులను సరిదిద్దే వ్యవస్థ చెడిపోయిన క్యాన్సర్లు ఇందుకు ఉదాహరణ. అలాంటి పురీషనాళ క్యాన్సర్ ఉన్నవారికి పీడీ-1ను అడ్డుకునే దొస్టార్లిమాబ్ ఆరు నెలలు ఇస్తే, చికిత్స పూర్తిచేసుకున్న మొదటి పన్నెండు మందిలోనూ కణితి జాడ లేకుండా పోయిందని, శస్త్రచికిత్స గానీ రేడియేషన్ గానీ అవసరం కాలేదని 2022లో న్యూయార్క్ వైద్యులు ప్రకటించారు. పురీషనాళ క్యాన్సర్లలో ఇలాంటివి నూటికి ఐదు నుంచి పది మాత్రమే. క్లోమ క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈ మందులకు లొంగవు. కాబట్టి మందు పేరు కంటే ముందు కణితి పరీక్ష నివేదికను అడగండి.

మోతాదు పెంచితే లాభం తక్కువే. పీడీ-1 గ్రాహకాలు చిన్న మోతాదుకే చాలావరకు నిండిపోతాయి. ముంబైలోని టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ క్యాన్సర్ ముదిరిన రోగులకు మాత్రల రూపంలో ఇచ్చే తక్కువ మోతాదు కీమోతో పాటు, మూడు వారాలకొకసారి కేవలం 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ చేర్చి చూశారు. ఏడాది తరువాత బతికి ఉన్నవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. ఇది చిన్న మోతాదును పూర్తి మోతాదుతో పోల్చిన పరీక్ష కాదన్నది మరువకూడదు. అయినా నాకు ఇది ఎంతో ఆశ కలిగించిన ఫలితం.

ప్రశ్న: మా తమ్ముడికి ఎనిమిదేళ్ళ కిందట కిడ్నీ మార్పిడి జరిగింది. ఇప్పుడు చర్మ క్యాన్సర్ వ్యాపించిందన్నారు. పీడీ-1 యాంటీబాడీ ఇవ్వచ్చా?

జవాబు: ఈ నెల వచ్చిన వాటిలో కష్టమైన ప్రశ్న ఇదే. మార్పిడి చేసిన కిడ్నీని పరాయిదిగా గుర్తుపట్టగల టి కణాలు మీ తమ్ముడి ఒంట్లో ఇప్పటికీ ఉన్నాయి. రోజూ వేసుకునే మాత్రలు వాటిని ఎనిమిదేళ్ళుగా అదుపులో ఉంచాయి. ఆ అదుపే క్యాన్సర్ మీద నిఘాను కూడా తగ్గించింది కనుక, మార్పిడి చేయించుకున్నవారిలో చర్మ క్యాన్సర్లు ఎక్కువ. ఇప్పుడు పీడీ-1ను మూస్తే క్యాన్సర్‌ను ఎరిగిన కణాలతో పాటు కిడ్నీని ఎరిగిన కణాలకూ కళ్ళెం ఊడుతుంది. ఇప్పటివరకు ప్రచురితమైన అనుభవాలను కలిపి చూస్తే, ఇలా చికిత్స పొందినవారిలో ప్రతి ఐదుగురిలో సుమారు ఇద్దరికి శరీరం అవయవాన్ని తిరస్కరించింది, వారిలో చాలామంది ఆ అవయవాన్ని కోల్పోయారు.

అయినా ఇవ్వనే కూడదని నేను అనను. శస్త్రచికిత్స, రేడియేషన్ సరిపోతాయా, అణచే మాత్రలను సిరోలిమస్ వంటి వాటికి మార్చవచ్చా అన్నవి ముందుగా చూడాలి. అవేవీ కుదరకపోతే, కిడ్నీ పోయినా డయాలసిస్‌తో బతకవచ్చు, వ్యాపించిన క్యాన్సర్‌తో ఎక్కువకాలం బతకలేరు అన్న లెక్కతో కొందరు ఈ మందును ఎంచుకుంటారు. గుండెనో కాలేయాన్నో మార్పిడి చేయించుకున్నవారికి ఆ వెసులుబాటు లేదు. నిర్ణయం తీసుకునే రోజున క్యాన్సర్ వైద్యుడు, కిడ్నీ వైద్యుడు ఇద్దరూ ఒకే గదిలో ఉండాలని పట్టుబట్టండి. మొదలుపెడితే, తిరస్కరణ ఎక్కువగా మొదటి కొద్ది వారాలలోనే వస్తుంది కనుక, ఆ కాలంలో కిడ్నీ పనితీరును తెలిపే క్రియాటినిన్‌ను కనీసం వారానికొకసారి చూడమని అడగండి. మూత్రం తగ్గినా, కాళ్ళు వాచినా, తదుపరి పరీక్ష తేదీ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.